మందు నిచ్చువారి ధర్మము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



వైద్యమనగానే జనుల దృష్టి వైద్యుని మీదికి, ఆ పిమ్మట మందు మీదికి పోవుచున్నది. చరకసంహిత మాత్రము చికిత్సకు నాలుగు పాదములని చెప్పుచున్నది: వైద్యుడు, ఔషధము, ఉపచారకుడు, రోగి. సూత్రస్థానమున ఖుడ్డాకచతుష్పాదమను చిన్న అధ్యాయమున నీ విషయము కలదు. అందు ఉపచారకునకు కోరబడిన గుణములును నాలుగే: పరిచర్య యెరిగియుండుట, నేర్పు, రోగియందు ప్రీతి, శుచిత్వము. ప్రీతికి మన యిండ్లలో కొరత లేదు. జ్వరము తగిలిన బిడ్డ ప్రక్కన రాత్రియంతయు మేల్కొనియుండు తల్లికి ప్రీతి యెవరును నేర్పనక్కరలేదు. కొరవడునది మొదటిదియే.

నేడు ఆసుపత్రులలో శిక్షణ పొందు సహాయకులకు ఐదు సంగతులు మొదటి పాఠముగా చెప్పుదురు: సరియైన రోగి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన మార్గము, సరియైన వేళ. ఇది ఆసుపత్రి గోడలతో ఆగు పాఠము కాదు. మాత్రల పొట్లము గడప దాటి లోనికి వచ్చిన క్షణము నుండి ఇంటివారే సహాయకులు.

రోగి యెవరో తెలియకపోవుట యుండునా యని కొందరు నవ్వవచ్చును. తాత పేరు మనుమనికి పెట్టుట మన ఆచారము. ఒకే యింట నిద్దరు, ఒకే వీధిని ముగ్గురు ఒక్క పేరివారుందురు. "మీరు సుబ్బయ్యగారేనా?" యని యడిగినచో వినికిడి తగ్గిన వృద్ధుడు ఊరక తల యూపును. కనుక పేరు, తండ్రి పేరు, వయస్సు ఆయన నోటనే చెప్పించవలెను. వెనుక నే మందైనను పడక ఒడలు దద్దురులెక్కెనా యని కూడ అప్పుడే యడుగవలెను. ఇక సీసా మీది పేరును ముమ్మారు చదువుట పద్ధతి: అరలోనుండి తీయునపుడు, మోతాదు కొలుచునపుడు, తిరిగి పెట్టునపుడు. మందు వంచునపుడు పేరు గల ప్రక్క అరచేతిలోనికి రావలెను. లేనిచో కారిన మందుతో అక్షరములు చెరిగి, పది దినములకు అది పేరులేని సీసా యగును.

అన్నిటికంటె చిక్కు మోతాదునందే కలదు. పూర్వము కాంపౌండరు మిక్శ్చరు సీసాకు గంట్లు కత్తిరించిన కాగితపు ముక్క నతికించి యిచ్చెడివాడు. ఒక్కొక్క గంటు ఒక్కొక్క పూట. చదువురాని యవ్వ కూడ తప్పక పోసెడిది. ఆ కాగితము పోయి, దాని చోట చత్వారము వచ్చిన కన్నులకు కానరాని సన్నని అచ్చు వచ్చినది. అది అభివృద్ధి యనుటకు మనసు రాదు.

పసిపిల్లల జ్వరమునకు విరివిగా వాడు పారాసెటమాల్ నే తీసికొందము. బిడ్డ బరువున కిలో 1కి 15 మిల్లీగ్రాముల చొప్పున ఒక పూట మోతాదు. 10 కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు. ఇంతవరకు లెక్క సులభమే. కాని ఈ మందు అంగడిలో పలు చిక్కదనములతో దొరకును. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్న సీసానుండి ఆ బిడ్డకు 6 మిల్లీలీటర్లు పోయవలెను. 5లో 250 ఉన్నచో 3 చాలును. మిల్లీలీటరుకు 100 గల చుక్కల మందైనచో ఒకటిన్నర మాత్రమే. మొదటి సీసాకు అలవాటుపడిన చేయి చుక్కల మందును కూడ 6 మిల్లీలీటర్లు పోసెనా, లోనికి పోయినది 600 మిల్లీగ్రాములు, అనగా నాలుగింతలు. అట్టి పొరపాటు పూటపూటకు సాగినచో కాలేయము చెడును. మందు అదియే, పేరు అదియే, పోసిన చేయి తల్లిదే.

టీ చెంచా యనగా 5 మిల్లీలీటర్లని శాస్త్రము. మన వంటింటి చెంచాల కా శాస్త్రము తెలియదు. సీసాతో వచ్చిన కొలత మూతను గాని, గీతల పిచికారిని గాని వాడవలెను. మూతను బల్లపై నిలిపి, కన్ను గీత యెత్తునకు వంచి చూడవలెను. పైనుండి చూచిన కొలత నమ్మదగినది కాదు.

చీటీలోని దశాంశపు చుక్క సంగతియు నిట్టిదే. అర మిల్లీగ్రామును 0.5 అని వ్రాయవలెను. ముందు సున్న విడిచి .5 అని వ్రాసినచో చుక్క కానరాక 5 అగును. ఐదును 5.0 అని వ్రాసినచో 50 అగును. పద్దులో చుక్క జారినచో మరునాడు దిద్దవచ్చును. గొంతు దిగినదానిని దిద్దు కలము లేదు.

మధుమేహమునకు వాడు ఇన్సులిన్ విషయమున నింకను జాగ్రత్త కావలెను. మన దేశమున మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలును, 100 యూనిట్లవియు కలవు. మొదటిదానికి ఎఱ్ఱ మూత గల సిరంజి, రెండవదానికి నారింజ రంగు మూతది. 100 యూనిట్ల మందును 40 గీతల సిరంజితో 20వ గీత వరకు లాగినచో, ఒంటిలోనికి పోవునది 20 కాదు, 50 యూనిట్లు. చెమటలు పట్టి, వణకు పుట్టి, రోగి స్పృహ తప్పును. సీసాను, సిరంజిని జత చూడనిదే సూది చేతబట్టరాదు.

మార్గమును గూర్చి ఒకటి రెండు మాటలు చాలును. సూది వేయనిదే వైద్యము కాదను భ్రమ పల్లెలను ఇంకను వీడలేదు. నోటి మందు చాలుచోట సూది కోరుట వ్యర్థము. గుండె నొప్పికి నాలుక క్రింద నుంచుకొనవలసిన సార్బిట్రేట్ మాత్రను మ్రింగినచో త్వరగా పనిచేయదు. మెల్లమెల్లగా కరుగునట్లు చేసిన మాత్రలను నూరి యిచ్చినచో, దినమంతటి మందు ఒక్కసారి రక్తమున చేరును.

వేళ సంగతికి మన తెలుగువాని మందే తార్కాణము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున నడపిన కృషినుండి మెథోట్రెక్సేట్ వెలువడినది. కీళ్ళవాతమునకు దీనిని వారమున కొక్కమారే యిత్తురు. మాత్రలన్నియు దినమునకొకటి చొప్పున వేసికొనునవే యను అలవాటుచే దీనిని కూడ ప్రతిదినము మ్రింగి, నోరు పుండ్లుపడి, రక్తకణములు క్షీణించి ప్రాణములు గోల్పోయినవారు పలు దేశములలో కలరు. పొట్లముపై "సోమవారము మాత్రమే" యని పెద్ద యక్షరములతో వ్రాసి యుంచుటకు కాసు ఖర్చు లేదు. ఒక పూట మరచితిమని మరుపూట రెండింతలు వేయుటయు కూడదు.

ఐదింటికి తోడుగా ఆరవది వ్రాత. ఎవరికి, ఏ మందు, ఎంత, ఏ మార్గమున, ఏ వేళ, ఇచ్చినదెవరు అని ఇచ్చిన వెంటనే పుస్తకమున వ్రాయవలెను. ఇవ్వబోవుచు ముందుగా వ్రాయరాదు. ఇవ్వకున్నచో ఇవ్వలేదనియు, ఏల యివ్వలేదనియు వ్రాయవలెను. బిడ్డ కక్కెనా, అదియు నెక్కవలెను, మరల పోయుటకు ముందు వైద్యునడుగవలెను. ఉదయము కోడలు, మధ్యాహ్నము అత్త, రాత్రి కొడుకు మందు వేయు ఇంటిలో ఈ వ్రాత లేకున్నచో ఒక పూట మందు రెండు మారులు పడును, లేదా అసలే పడదు. తప్పు జరిగినచో దాచక తక్షణము ఆసుపత్రికి చెప్పవలెను. పోవునపుడు ఆ పుస్తకమును, సీసాను, మాత్రల అట్టను వెంట గొనిపోవలెను.