అక్కాచెల్లెళ్ళ సొంత కంపెనీ



ఇవాళ నేను చెప్పబోయేది అమెరికాలోని యిద్దరు అక్కాచెల్లెళ్ళ గురించి. అక్క మేగన్ లవెల్, చెల్లెలు రెబెకా లవెల్. వాళ్ళ వాద్యబృందం పేరు లార్కిన్ పో. వాళ్ళు పాడేది బ్లూస్-రాక్. ఆ మాట వినగానే "మనకెందుకమ్మా ఆ గోల" అని రేడియో కట్టేయకండి. గోల కాస్త వున్న మాట నిజమే. కాని ఆ పాటల వెనక యిద్దరాడవాళ్ళు నడిపిన వ్యాపారం ఒకటుంది, అది వినదగ్గది.

ముందు బ్లూస్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. అమెరికా దక్షిణాదిలో, ముఖ్యంగా మిసిసిపీ ప్రాంతంలో, పత్తిచేలలో చాకిరీ చేసిన నల్లజాతి వారి పాట అది. చట్టప్రకారం 1865లో బానిసత్వం పోయింది గాని చాకిరీ ఎక్కడికి పోయింది? ఆ బాధంతా ఒక గొంతులో, ఒక గిటారులో పెట్టి పాడుకున్నారు. మన నాట్ల పాటలూ దంపుళ్ళ పాటలూ పనిలోంచి పుట్టలేదూ, అలాగన్నమాట. తర్వాత్తర్వాత దానికి కరెంటు గిటార్లు, పెద్ద డ్రమ్ములు చేరి బ్లూస్-రాక్ అయింది.

ఈ అమ్మాయిలు జార్జియా రాష్ట్రం వాళ్ళు. చిన్నప్పుడు వయొలిన్ మీద పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు. అప్పుడు వీళ్ళు ముగ్గురు, పెద్దక్క జెస్సికా. ముగ్గురూ కలిసి లవెల్ సిస్టర్స్ అనే పేరుతో కొండప్రాంతపు జానపద బాణీలు పాడేవారు. 2005లో ఒక ప్రసిద్ధ రేడియో కార్యక్రమం నడిపిన పోటీలో నెగ్గారు. (రేడియో అంటే నాకు పక్షపాతం, ఆ ముక్క చెప్పకుండా వుండలేను.) మరుసటేడు మెర్ల్‌ఫెస్ట్ అనే ఉత్సవంలో మాండలిన్ పోటీలో రెబెకా మొదటి బహుమతి తెచ్చుకుంది. అప్పటికి ఆ పిల్లకి 15 ఏళ్ళు.

2010 వచ్చేసరికి పెద్దక్క తప్పుకుంది, ముగ్గురి కచేరీ ఆగిపోయింది. అంతటితో యిళ్ళకి పోవచ్చు. మిగిలిన యిద్దరూ అదే ఏడు కొత్త పేరు పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టారు. లార్కిన్ పో అన్నది వాళ్ళ ముత్తాతకు ముత్తాత పేరట! ఋతువుకొకటి చొప్పున, వసంతం నుంచి శీతకాలం దాకా, నాలుగు చిన్న ఆల్బములు తెచ్చారు. ఎల్విస్ కాస్టెల్లో వంటి పెద్ద గాయకుల వెనక నిలబడి పాడారు, వాయించారు. 2014లో ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో పాడితే అక్కడి అబ్జర్వర్ పత్రిక మెచ్చుకుంది. అదే ఏడు కిన్ అనే మొదటి పూర్తి ఆల్బం ఒక కంపెనీ తరఫున వచ్చింది.

ఇక్కడ కంపెనీ లెక్క ఎలా వుంటుందో చెప్పాలి. పెద్ద రికార్డు కంపెనీ ముందు అడ్వాన్సు యిస్తుంది, స్టూడియో ఖర్చూ ప్రచారం ఖర్చూ పెడుతుంది. పాట అమ్ముడుపోతే ఆ అడ్వాన్సు తీరేదాకా పాడినవాళ్ళ వాటాలోంచి పట్టుకుంటుంది. అసలు రికార్డింగు మీద హక్కు సాధారణంగా కంపెనీదే. మనం ఆవకాయ పెడితే, కాయా నూనే కొన్నాడు గనక జాడీ మీద అంగడివాడి పేరే వుండాలి, ఉప్పెంత వెయ్యాలో కూడా అతనే చెప్పాలి అన్నట్టు! అందరు అంగడివాళ్ళూ చెడ్డవాళ్ళనను. చేతిలో డబ్బు లేనివాళ్ళకి ఆ అడ్వాన్సే ఆధారం. కాని రుచి ఎవరిదో తేలకుండా పోతుంది.

వీళ్ళు ట్రిక్కీ వూ రికార్డ్స్ అని సొంత కంపెనీ పెట్టుకున్నారు. 2017లో పీచ్ అనే ఆల్బం దాని మీదే వచ్చింది. ఏ పాట ఎలా వుండాలో తేల్చుకునే బాధ్యత కూడా వాళ్ళిద్దరే నెత్తిన వేసుకున్నారు. సొంతం అంటే స్వేచ్ఛ ఒక్కటే కాదు సుమండీ. స్టూడియో అద్దె, రికార్డుల తయారీ, ప్రచారం, ప్రయాణాలు, అన్నీ ముందు తమ జేబులోంచే పోతాయి. పాట ఆడకపోతే ఆ నష్టమూ తమదే. 2018లో వెనమ్ అండ్ ఫెయిత్ తెచ్చారు. అది గ్రామీ బహుమతి తుది జాబితా దాకా వెళ్ళింది, బహుమతి మాత్రం రాలేదు.

పాత బ్లూస్ గాయకుల పాటల్ని కూడా వాళ్ళు వదల్లేదు. ఇంట్లో కూర్చుని ఒక్కొక్క పాట పాడి, ఫలానా వారికి మా నమస్కారం అన్నట్టుగా, ఇంటర్నెట్టులో వరసగా పెడుతూ వచ్చారు. పీచ్‌లో రాబర్ట్ జాన్సన్ 1936లో రికార్డు చేసిన పాట ఒకటుంది; నా వంటింట్లోకి రా అని దాని పేరు! నల్లవారి కష్టంలోంచి పుట్టిన పాటని తెల్లపిల్లలు పాడి సంపాదించుకోవచ్చా అని ఎవరైనా అడిగితే, అది అడగవలసిన ప్రశ్నే. ఆ పాత గాయకుల్లో చాలామందికి వాళ్ళ పాట తెచ్చిన డబ్బు చేతికందలేదు. పేరు చెప్పి పాడటం వల్ల ఆ బాకీ తీరదు, కాకపోతే ఎవరికి బాకీయో వినేవాళ్ళకి తెలుస్తుంది. నాకు రాబర్ట్ జాన్సన్ పేరు తెలిసింది వీళ్ళ వల్లనే.

మేగన్ వాయించేది లాప్ స్టీల్. తీగల మీద వేళ్ళతో నొక్కకుండా లోహపు కడ్డీ జారుస్తారు. వెనక మన రేడియోలో సినిమా పాటల్ని హవాయన్ గిటార్ మీద వినిపించేవారే, దాని చెల్లెలే యిది. మన గోటువాద్యం విన్నవారికి ఆ జారుడు కొత్తగా అనిపించదు. మామూలుగా కూర్చుని ఒళ్ళో పెట్టుకుని వాయించేదాన్ని ఆవిడ మెడకు తగిలించుకుని, నిలబడి వాయిస్తుంది. పాడటం ముఖ్యంగా రెబెకా వంతు; అక్క వేరే స్వరస్థానంలో గొంతు కలుపుతుంది. మన బొంబాయి సిస్టర్స్ యిద్దరూ ఒకే స్వరం మీద, ఒక్క గొంతులా పాడేవారు. ఇక్కడ గొంతులు రెండు మెట్ల మీద నడుస్తాయి. తోబుట్టువుల గొంతులు అలా అతుక్కోవడాన్ని ఆ దేశంలో బ్లడ్ హార్మనీ అంటారు.

2020 జూన్‌లో తర్వాతి ఆల్బం తెచ్చారు. దాని పేరు సెల్ఫ్ మేడ్ మ్యాన్, అంటే తన కష్టంతో పైకొచ్చిన మగవాడు! ఆ పేరు పెట్టింది యిద్దరాడవాళ్ళు. కాని సమయం చూడండి, కరోనాతో కచేరీలన్నీ మూతపడిన రోజులు. ఊరూరా తిరిగి పాడితేగాని గడవని వృత్తి అది. వీళ్ళు యింట్లో కూర్చుని వీడియోలు చేశారు, ఆ నవంబరులోనే పాత పాటలతో కిండ్రెడ్ స్పిరిట్స్ అని యింకో ఆల్బం తెచ్చారు. 2022లో బ్లడ్ హార్మనీ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ దక్కింది. ఇద్దరై పాట మొదలుపెట్టి అప్పటికి 14 ఏళ్ళు. 2025 జనవరిలో బ్లూమ్ అనే ఆల్బం తెచ్చారు; అదీ సొంత కంపెనీ మీదే.

మీలో ఎవరికైనా వినాలనిపిస్తే కిండ్రెడ్ స్పిరిట్స్‌తో మొదలుపెట్టండి. అందులో ఆర్భాటం తక్కువ, అక్కాచెల్లెళ్ళ గొంతులు విడివిడిగా తెలుస్తాయి. తక్కినవి పెట్టేటప్పుడు మాత్రం, యింట్లో అత్తగారు నిద్రపోతూ వుంటే, శబ్దం కాస్త తగ్గించుకోండి. ఉంటాను మరి, సెలవు.