రాయవేలూరి వాణి
(గుడియాత్తం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పచ్చడి సేవించి, పంచాంగ శ్రవణం ముగించుకొని కూర్చున్న ఈ వేళ నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. ఏ ప్రాచీన కవిని గూర్చియో చెప్పుతానని మీరనుకొని ఉండవచ్చును. నేను మాత్రం మన పొరుగూరి ఆడపడుచును గూర్చి చెప్పదలచినాను.

ఆమె వాణీ జయరామ్ గారు. 1945 నవంబరు 30వ తేదీన మన రాయవేలూరులో ఒక అయ్యంగార్ల ఇంట జన్మించినారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కలైవాణి. మాతృభాష తమిళం. కర్ణాటక సంగీతం బాల్యంలోనే అబ్బింది. ఎనిమిదవ యేట మద్రాసు ఆకాశవాణిలో పాడినారు. ఒకవంక గురువులు చెప్పిన కీర్తనలు, మరొకవంక సిలోను రేడియోలో హిందీ పాటలు. ఆ పిల్ల రెండింటికీ చెవి యొగ్గింది.

చదువైన పిమ్మట స్టేటు బ్యాంకులో ఉద్యోగం, 1967లో హైదరాబాదుకు బదిలీ. వివాహమై బొంబాయి చేరిన తరువాత, భర్త జయరామ్ గారి ప్రోత్సాహంతో ఉస్తాద్ అబ్దుల్ రహమాన్ ఖాన్ గారి వద్ద హిందూస్థానీ సంగీతం అభ్యసించినారు. దానికోసం నెలజీతం వచ్చే బ్యాంకు ఉద్యోగాన్ని వదలుకొన్నారు. ఆనాటి మధ్యతరగతి ఇల్లాలికి అదెంత సాహసమో ఆలోచించండి!

1971లో ‘గుడ్డీ’ హిందీ చిత్రంలో వసంత్ దేశాయి గారు మియాఁ మల్హార్ రాగంలో కట్టిన పాటతో ఆమె పేరు దేశమంతటా మ్రోగింది. 1973లో ‘అభిమానవంతులు’ చిత్రంతో తెలుగులో ప్రవేశించి, 1975లో ‘పూజ’ పాటలతో మన ఇండ్లలోనికే వచ్చినారు. కీర్తన, గజల్, భజన, హుషారైన సినిమా పాట, దేనికి తగిన గొంతు దానికే. పదికి పైగా భాషలలో, అయిదు దశాబ్దాల పాటు పాడినారు.

ఇక అసలు మాట. ఉత్తమ గాయనిగా ఆమెకు జాతీయ బహుమతి మూడు పర్యాయములు లభించింది. మొదటిది తమిళ చిత్రం ‘అపూర్వ రాగంగళ్’కు. తక్కిన రెండూ తెలుగు పాటలకే: ‘శంకరాభరణం’, ‘స్వాతికిరణం’. స్వాతికిరణంలో తెరపై పాడేది చిన్న బాలుడు. ఆ పసిగొంతు నలుబదియైదేండ్లు దాటిన ఈమెది! ఆ పాటలలో ఒక్క ఒత్తు జారదు, ఒక్క దీర్ఘం కుంటదు.

తల్లిభాష కాని భాషను ఆమె అంత శ్రద్ధతో ఆర్జించినారు. పుట్టుకతో వచ్చిన భాషను మనమేమి చేస్తున్నాము? నా మనుమరాలు స్వాతికిరణం పాటలు చక్కగా పాడుతుంది. మొన్న దాని నోటుపుస్తకం చూచినాను. పాటలన్నీ తమిళ లిపిలో వ్రాసుకొన్నది! త, థ, ద, ధ నాలుగింటికీ అక్కడ ఒక్కటే అక్షరం. అందుకే ‘ధ’ ఉన్నచోట ‘త’ పలుకుతున్నది. తప్పు పిల్లది కాదు, పలక చేతికివ్వని నాది.

తమిళం నేర్వవద్దని నా భావం కాదు. 1911లో చిత్తూరు వేరు జిల్లా కాకపూర్వం ఈ ఊళ్లన్నీ ఒకే ఉత్తరార్కాడు జిల్లా. రెండు భాషలూ ఒకే అరుగుమీద కూర్చున్నవి. వాణి గారు తమిళాన్ని విడిచి తెలుగు నేర్వలేదు గదా!

2023 జనవరిలో ఆమెకు పద్మభూషణ్ ప్రకటించినారు. ఆ రెండు చిత్రాలు తీసిన కె. విశ్వనాథ్ గారు ఫిబ్రవరి 2న కన్నుమూసినారు. రెండు రోజులకే, 4వ తేదీన, ఆమె చెన్నైలో తనువు చాలించినారు. బిరుదు చేతికందలేదు. పాట మాత్రం మనకందింది.

ఈ ఉగాదినాడు నా ప్రార్థన ఒక్కటే. ఇంటింటా పలకా బలపం తీయండి. నేనూ రేపే మొదలుపెడుతున్నాను. వచ్చే ఉగాదికి ఈ వేదికమీద పాడే పిల్ల చేతిలో తెలుగులో వ్రాసిన కాగితం ఉండాలి.

సెలవు.