చెత్త ఎవరిది? చెయ్యి ఎవరిది?

(పారిశుద్ధ్య కార్మికులు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, కాలనీల్లో ఉండే మనవాళ్లు కలిసి పెట్టుకున్న బస్తీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చెత్త గురించి మాట్లాడతామంటే మనవాళ్లే కొందరు నవ్వారు. భూమి గురించి, కూలి గురించి, రిజర్వేషన్ల గురించి మాట్లాడాల్సిన సభలో ఈ తడి చెత్త, పొడి చెత్త గోలేంటని అడిగారు. పర్యావరణం కడుపు నిండినోళ్ల ముచ్చట అన్నారు. ఆ మాటకే ఇవ్వాళ జవాబు చెప్పాలనుకుంటున్నాం.

‘రీసైక్లింగ్’ అని ఇప్పుడు బడిపిల్లలకి కొత్త విద్యలాగా నేర్పుతున్నారు. మరి ఊళ్లో ఎద్దు చస్తే ఈడ్చుకెళ్లిందెవరు? తోలు ఒలిచి, సున్నంలో నానేసి, తంగేడు చెక్కతో ఊనిచ్చి రైతుకి మోట బొక్కెన, కాళ్లకి చెప్పులు, ఊరికి డప్పు చేసిచ్చిందెవరు? చచ్చిన పశువుని కూడా వృథా పోనీకుండా ఊరి వ్యవసాయాన్ని నడిపింది మాదిగవాడ. దానికి ఊరిచ్చిన కూలి వెలి. పారేసినోడు శుద్ధుడట, పారేసినదాన్ని పనికొచ్చేట్టు చేసినోడు అంటరానోడట!

పట్నం వచ్చాక ఈ లెక్క మారిందా? విశాఖ, విజయవాడల్లో రెల్లివాళ్లు, హైదరాబాదులో మెహతర్లు, మాదిగలు. అటు మద్రాసు వీధులు ఊడ్చినవాళ్లలో తెలుగు మాట్లాడే మనవాళ్లు తరతరాలుగా ఉన్నారు. మున్సిపాలిటీ వచ్చింది, కాంట్రాక్టరు వచ్చాడు, ఆటో టిప్పర్ వచ్చింది. బండి వెనక నిలబడే మనిషి కులం మాత్రం మారలేదు.

2014లో గాంధీ కళ్లద్దాలు గుర్తుగా పెట్టి స్వచ్ఛ భారత్ అన్నారు. చీపురు పట్టి ఫొటోలు దిగినవాళ్లు మర్నాడు ఆ చీపురు ఎవరి చేతికిచ్చారో మనకి తెలుసు. 2015లో హైదరాబాదులో ఇంటికి రెండు బుట్టలు పంచారు. ఆకుపచ్చది తడి చెత్తకి, నీలంది పొడి చెత్తకి. నల్లా రాని బస్తీలో ఆ బుట్టలో నీళ్లు పట్టుకుంటే మేం తప్పుపట్టం. నాలుగంతస్తుల మేడల్లో కూడా అంతా ఒకే బుట్టలో కలిపి గుమ్మం ముందు పెడుతున్నారే, దానికేం పేరు పెట్టాలి? ప్రతి ఇల్లూ చెత్త వేరుచేసే ఇవ్వాలని, వాడిన ప్యాడ్లు, డైపర్లు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వాలని 2016 నిబంధనల్లో రాశారు. చిత్తుకాగితాలు ఏరుకునేవాళ్లని గుర్తించి ఈ పనిలో కలుపుకోవాలని కూడా అందులోనే ఉంది. రాయడమైతే బాగానే రాశారు.

కలిపితే ఏమవుతుందో మన అక్కలకి చెప్పక్కర్లేదు, కాలనీ వాళ్ల కోసం చెప్తున్నాం. పాల ప్యాకెట్టు కడిగి ఆరేస్తే పాత సామాన్ల కొట్లో దానికో రేటుంది. సాంబారు పూసుకున్నాక దాన్ని ఎవడూ ముట్టుకోడు. తడిసిన పేపరూ అంతే. కూర తొక్కలు, మిగిలిన అన్నం విడిగా ఉంటే ఎరువవుతాయి. వాటిలో గాజుపెంకులు, కవర్లు కలిస్తే ఆ ఎరువు ఏ రైతూ పొలంలో వేసుకోడు. రెంటికీ చెడి అంతా డంపింగ్ యార్డుకే పోతుంది. అక్కడ గుట్టల కింద గాలాడక కుళ్లి మండే గ్యాసు పుడుతుంది, వానకి నల్లటి నీళ్లు దిగి భూమిలోకి ఇంకుతాయి. హైదరాబాదు చెత్తనంతా మోసిన జవహర్‌నగర్‌లో బావులు, బోర్లు చెడింది ఇట్లాగే. ఊరి మురికిని ఊరవతల పొయ్యడం, దాని పక్కనే పేదోళ్ల ఇళ్లుండటం మనకి వెలివాడ నాటి నుంచీ తెలిసిన సంగతే.

ఇక చేతుల సంగతి. ఇంట్లో వేరుచెయ్యడం రోజుకి రెండు నిమిషాల పని. వంద ఇళ్లవాళ్లు ఆ పని మానేస్తే మూడు గంటల ఇరవై నిమిషాల పని బండి దగ్గరున్న ఒక్క మనిషి నెత్తిన పడుతుంది. ఆ మూడు గంటల్లో ఆమె చేతికి తగిలేవి ఏంటి? గడ్డం గీసుకున్న బ్లేడు, పగిలిన ట్యూబ్‌లైటు, షుగర్ ఇంజెక్షన్ సూది, విప్పి పడేసిన ప్యాడు. తమ ఇంటి మురికిని తాము రెండు నిమిషాలు ముట్టుకోలేనివాళ్లు వేరే మనిషి చేత ముట్టిస్తున్నారు. దీన్ని పర్యావరణం మీద అశ్రద్ధ అంటే మేం ఒప్పుకోం. ఇది అంటరానితనం. చట్టం కంటికి కనపడని రకం, అంతే.

పూనాలో చెత్త ఏరుకునేవాళ్లు 1993లోనే సంఘం పెట్టుకున్నారు. ఎక్కువమంది దళిత ఆడవాళ్లే. గుర్తింపు కార్డులు సాధించుకున్నారు, తర్వాత సహకార సంఘంగా ఇంటింటి చెత్త సేకరణ తామే చేపట్టారు. 2013లో వాళ్లు వాడిన ప్యాడ్లని మూటలు కట్టి తయారుచేసిన కంపెనీలకే తిప్పి పంపారు! మనకి అట్లాంటి బుద్ధి రావాలి. షాంపూ సాచెట్టు, చిప్స్ ప్యాకెట్టు ఏ కొట్టువాడూ కొనడు, పొరలు అతుక్కుపోయి విడిరావు. కూలి డబ్బులతో రోజుకో సాచెట్టు కొనే ఆడమనిషిని దానికి తిట్టొద్దు. చిన్న ప్యాకెట్టు మీద లాభం తిన్నవాణ్ణి అడగండి. ప్యాకెట్ల చెత్తని వెనక్కి తీసుకునే బాధ్యత కంపెనీలదేనని 2016 ప్లాస్టిక్ నిబంధనల్లో ఉంది.

మన కుర్రాళ్లు ఇంకో మాట అంటున్నారు. చచ్చిన పశువు మాంసం, ఎంగిలి కూడు వదిలెయ్యమని 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చెప్పారు గదా, మీరింకా చెత్తమీద హక్కు అంటారేంటని. మంచి ప్రశ్న. మన పిల్లలు ఈ పనిలోకి రాకూడదు, అందులో రెండో మాట లేదు. కానీ 1935లో బొంబాయి మున్సిపల్ కార్మికులకి సంఘం పెట్టిందీ ఆయనే. పనిలో ఉన్నవాళ్లని రేపటిదాకా చేతులు కోసుకోమని ఆయన వదిలెయ్యలేదు. పైగా ఇప్పుడు కాగితం, ప్లాస్టిక్ కాల్చి కరెంటు తీస్తామంటున్నారు. మురికిగా ఉన్నన్నాళ్లూ మనదైన చెత్త, డబ్బు కనపడగానే కంపెనీదైంది.

మనలో ఉద్యోగాలొచ్చి కాలనీలకి పోయినవాళ్లకి కూడా ఓ మాట. గోడమీద అంబేద్కర్ ఫొటో ఉంది, సంతోషం. వంటింట్లో ఎన్ని బుట్టలున్నాయో ఒకసారి చూసుకోండి. తడికొకటి, పొడికొకటి పెట్టండి. బ్లేడ్లు, గాజుపెంకులు డబ్బాలో వేసి మూత పెట్టి, చెప్పి మరీ ఇవ్వండి. ప్యాడు చుట్టిన కాగితం మీద ఎర్ర చుక్క పెట్టండి, తీసుకునే అక్కకి విప్పకుండానే తెలుస్తుంది.

మున్సిపల్ ఆఫీసులో ఇవ్వబోయే అర్జీ రాసి తెచ్చాం. కలిపిన చెత్త తీసుకోనన్న కార్మికురాలి జీతం కొయ్యగూడదు. గ్లవుజులు, బూట్లు కాంట్రాక్టరు దయమీద కాకుండా లెక్క ప్రకారం ఇవ్వాలి. పొడి చెత్త అమ్మిన డబ్బు దాన్ని ఏరినవాళ్లకే చెందాలి. బస్తీలకీ బండి రోజూ రావాలి. కాగితం ఆ బల్లమీద ఉంది. సంతకం రానివాళ్లు వేలిముద్ర వెయ్యండి.

జై భీమ్.