సెలైన్ చుక్కల లెక్క
సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం



మన శ్రీనగర్ కాలనీకి పంజగుట్ట నిమ్స్ ఎంత దగ్గరో మీకు చెప్పనక్కరలేదు. పూర్వం నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి అనేవాళ్ళం, అదే. జిల్లాల నుంచి చుట్టాలెవరు వచ్చి చేరినా, రాత్రిపూట తోడు ఉండేది మనలో ఎవరో ఒకరే. అలా వెళ్ళేవాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

కొన్నేళ్ళ క్రితం వేరొక ఆసుపత్రిలో మా దాదీమాకు సెలైన్ పెట్టారు. సీసా అయిపోతే ఇంటికి పోవచ్చుగదా అన్న తొందరలో మా కుర్రాడు గొట్టం మీది చక్రం తిప్పేశాడు. నాలుగు గంటల్లో పోవలసింది గంటలోపే పోయింది. ఆవిడ గుండె అసలే బలహీనం. ఊపిరాడక లేచి కూర్చున్నారు. అల్లాహ్ దయవల్ల నర్సమ్మ చూసి ఆపింది. తప్పు ఆసుపత్రిది కాదు, మాదే.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు. ఎన్ని మిల్లీలీటర్లు ఎక్కించాలో ఆ అంకెను, ఒక మిల్లీలీటరుకు సెట్టు వదిలే చుక్కలతో గుణించి, మొత్తం నిమిషాలతో భాగించాలి. మామూలు సెట్టుకు చాలావరకు 20 చుక్కలు, పసిపిల్లలకు వాడే మైక్రో సెట్టుకు 60. కవరు మీదే అచ్చువేసి ఉంటుంది. 500 మి.లీ. సీసా 4 గంటల్లో పోవాలంటే 500ని 20తో గుణిస్తే 10,000. దాన్ని 240తో భాగిస్తే నిమిషానికి సుమారు 42 చుక్కలు. అదే 8 గంటలకైతే 21 చాలు. మైక్రో సెట్టు చుక్కల లెక్కనే మామూలు సెట్టుకు పెడితే మూడింతలు లోపలికి పోతుంది! అందులో పొటాషియంలాంటి మందు కలిపి ఉంటే గుండెకే ముప్పు.

గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టండి. రోగి మోచెయ్యి మడిచినా, సీసా ఎత్తు మారినా వేగం మారుతుంది, కాబట్టి మధ్యమధ్య చూస్తుండాలి. తేడా వస్తే నర్సును పిలవండి. చక్రం మాత్రం ముట్టుకోవద్దు.

ఇంకో మాట. నీరసమనగానే గ్లూకోజు ఎక్కించమని డాక్టరు వెంటపడతాం. 5 శాతం గ్లూకోజు అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాములే, అంటే ఐదారు చెంచాల పంచదారపాటి! 1971లో బన్‌గావ్ కాందిశీకుల శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు చాలకపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్ళు తాగించి ఎందరినో బతికించారు. తాగగలిగినవాళ్ళకు సూది ఎందుకో మేమూ ఆలస్యంగానే తెలుసుకున్నాం.

బయట వరండాలో నీళ్ళు నింపిన సీసాకు సెట్టు తగిలించి ఉంచాం. భోజనాలకు ముందు వచ్చి చుక్కలు లెక్కపెట్టి చూడండి. మా కుర్రాడే దగ్గరుండి చూపిస్తాడు.