పాలు మోసేవాని నిద్ర

(సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మనం పాలలో వెన్న శాతం చూస్తాం, పులుపు చూస్తాం. ఆ పాలు మోసే లారీ డ్రైవరు రాత్రి ఎలా నిద్రపోయాడో మాత్రం చూడము.

గట్టిగా గురక పెట్టే కొందరికి నిద్రలో గొంతు మూసుకుపోయి 10 సెకన్లో, అంతకు మించో ఊపిరి ఆగుతుంది. గంటకు ఎన్నోమార్లు ఇలా జరిగితే, రాత్రంతా పడుకున్నా పగలు కునుకు తప్పదు. దీనికి ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివన్, ఆయన సహచరులు 1981లో ఒక మార్గం ప్రకటించారు. ముక్కుకు తొడుగు పెట్టి, యంత్రం ద్వారా గాలిని కొద్ది ఒత్తిడితో పంపితే గొంతు తెరుచుకొని ఉంటుంది.

నేనెరిగిన ఒక డ్రైవరు మొదటి వారం ఆ తొడుగును రోజూ అర్ధరాత్రి పీకివేశాడు. "ఊపిరాడటం లేదు సార్" అన్నాడు. డాక్టరు సలహాపై పగలు మెలకువగా ఉండి తొడుక్కొని అలవాటు పడ్డాడు. గాలి కారకుండా పట్టీలు సరిచేయించుకున్నాడు. తొడుగు రోజూ కడిగాడు. కొన్ని వారాలకు స్టీరింగు మీద కునుకు పోయింది.

అయితే యంత్రం సంగతి తెలిస్తే పని పోతుందని రెండు నెలలు దాచాడు. తప్పు అతనిది కాదు. ఆలస్యానికి జరిమానా వేయమని తీర్మానాలు రాయించిన వారిలో నేనూ ఒకడిని.

కనుక నా మనవి: వైద్యం చేయించుకునే డ్రైవరును తీసివేయకండి. డాక్టరు సరేననే వరకు వేరే పని చూపండి. బండిలోనే పడుకునేవారికి యంత్రం నడిచే బ్యాటరీ ఏర్పాటు చేయండి. కునుకు వస్తున్నదని బండి ఆపినవానికి జరిమానా వేయకండి.

పాలు విరిగితే మరుపూట పితుక్కుంటాం. మనిషిని తేలేము.