ఊరు అడిగే ప్రశ్నలు



సోమశిలలో ఈ ఉపన్యాసం ఒక డ్రాయింగు మాస్టారి జ్ఞాపకార్థం ఏర్పాటైంది. ఆయన ఉద్యోగమంతా కొల్లాపురం చుట్టుపక్కల బడుల్లోనే గడిచింది. సెలవులు వచ్చాయంటే మాత్రం పిల్లల్ని వెంటబెట్టుకొని ఆలంపురం బస్సెక్కేవారు. గుడి ముందు కూర్చోబెట్టి గీయమనేవారు. గీసిన కాగితాన్ని అక్కడి పూజారికో, మేకలు కాసుకునే మనిషికో చూపించి రమ్మనేవారు. గీయించడం ఏ మాస్టారైనా చేస్తారు. చూపించి రమ్మనడం ఆయన ప్రత్యేకత. ఈ పూట నేను చెప్పదలచుకున్నదంతా ఆ రెండో పని గురించే.

కళాకారుడు ఎందుకు తిరగాలని అడిగితే కొత్త చోట్లు చూడటానికి, స్ఫూర్తి పొందటానికి అంటారు. కాదనను. కానీ చూడటం ఇంట్లో కూర్చొని పుస్తకాల్లో, ఫోన్లో కూడా కొంత జరుగుతుంది. ఇంట్లో జరగనిది ఒకటుంది. మన పేరు తెలియనివాళ్లు, మనమంటే మొహమాటం లేనివాళ్లు మన విద్యను తూచడం. పరాయి ఊరికి పోయేది అందుకు. పాలమూరు చరిత్రంతా నాకు ఆ మాటే చెబుతుంది.

మన సంస్థానాలనే తీసుకోండి. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు. ఆదాయంలో ఇవి చిన్నవే. కానీ కోస్తా నుంచి, రాయలసీమ నుంచి కవులూ పండితులూ నదులు దాటి ఇక్కడికి వచ్చేవారు. గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు నిలిచింది ఊరికే కాదు. వచ్చినవారికి వార్షికం ముట్టేది. దానికి ముందు పరీక్ష ఉండేది. తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానాలు తిరిగినవారే. రాజుల్ని చూడబోయినప్పుడు చెప్పిన పద్యాలను ‘నానారాజసందర్శనము’గా కూర్చారు. వారిలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి పడుచుతనంలో కాశీకి పోవడానికి దారిఖర్చుల కోసం అవధానం చేసినవాడు. అంటే ఆయనకు ప్రయాణమూ విద్యా మొదటినుంచీ కలిసే నడిచాయి.

అవధానం అన్నది సొంత ఊళ్లో ఒక తీరు, పరాయి ఆస్థానంలో ఒక తీరు. సొంత ఊళ్లో పృచ్ఛకుడు మేనమామ కావచ్చు, గురువుగారి అబ్బాయి కావచ్చు. సమస్య ఎంత గడుసుగా ఇచ్చినా లోపల మనవాడు గెలవాలనే ఉంటుంది. గద్వాల సభలో నిషేధాక్షరికి కూర్చున్న పండితుడికి ఆ బాధ లేదు. ఎక్కడ అక్షరం ఆపితే పద్యం కూలుతుందో అక్కడే ఆపుతాడు. అక్కడ నిలిచిన పద్యమే పద్యం. ఆ జంటకవులు తెలుగుదేశమంతటా సవాలు విసిరి తిరిగారంటే ఆ ధైర్యంలో మన పాలమూరు పృచ్ఛకుల వాటా కూడా ఉందని నా నమ్మకం.

ఇంకో బాటసారిని గుర్తు చేసుకోవాలి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి కాశీ చూసుకొని 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. శ్రీశైలం చూసి వస్తూ మన ఎదుటి ఒడ్డున ఉన్న నివృత్తి సంగమం దగ్గరే కృష్ణ దాటాడు. ఆయన కవి కాడు, చిత్రకారుడు కాడు, సుప్రీంకోర్టులో దుబాసీ. అయినా ‘కాశీయాత్ర చరిత్ర’ను తెలుగు వచనం నేర్చుకునేవాళ్లంతా చదవాలంటాను. దారి ఎలా ఉంది, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఏ ఊళ్లో ఏ సామాను అమ్ముతారు, బోయీలు ఏ ఇబ్బంది పడ్డారు, అన్నీ రాశాడు. వెనక వచ్చేవాడికి పనికొస్తుందా అన్నదే ఆయన కొలత. కొత్త చోట మైమరచి కూర్చునేవాడికి ఈ చూపు రాదు. తన వెంట ఉన్న పరివారానికి సాయంత్రానికి బియ్యమూ కట్టెలూ చూడవలసినవాడికి వస్తుంది.

చేతిపనివాళ్ల సంగతి చెబుతాను. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలునూ పట్టునూ అతికే చోట మూడు నాడెలతో పోగు పోగునూ మెలివేసి కలుపుతారు. దాన్నే కుట్టు అంటారు. సంస్థానం వారు ఇక్కడి నేతగాళ్లను బనారసుకు పంపి జరీపని నేర్పించారని గద్వాలలో పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటారు. గమనించవలసింది ఏమంటే, తిరిగి వచ్చినవాళ్లు బనారసు చీర నేయలేదు. ఈ ఎండకు ఒంటి మీద నూలే ఉండాలని వాళ్లకు తెలుసు. దూరాన నేర్చింది అంచుకు చేరింది, ఒడలు మనదిగానే ఉండిపోయింది. ఏది తెచ్చుకోవాలో, ఏది ముట్టుకోకూడదో ఇంత నిబ్బరంగా తేల్చుకున్న కళాకారులు మన నగరాల గ్యాలరీల్లో కూడా తక్కువ.

వాళ్లకంటే వెయ్యేళ్ల ముందు శిల్పులూ అదే చేశారు. ఆలంపురం నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల నాటివి, ఏడు ఎనిమిది శతాబ్దాలవి. తారకబ్రహ్మ ఒక్కటి ద్రావిడ పద్ధతి. మిగిలినవాటి శిఖరాలు ఉత్తరాది రేఖానాగర పద్ధతివి. తుంగభద్ర ఒడ్డున ఆ శిఖరాలు లేచాయంటే ఆ పద్ధతిని మోసుకొచ్చిన చేతులు, కళ్లు ఎంతో నేల నడిచి ఉండాలి.

ఇక మన సోమశిల. ఇక్కడ గుళ్లే ప్రయాణం చేశాయి. శ్రీశైలం జలాశయం కింద వందకు పైగా ఊళ్లు మునిగాయి. 1981లో మనుషుల్ని ఖాళీ చేయించిన తీరు ఈ సభలో ఉన్న పెద్దలకు నేను చెప్పనక్కర్లేదు. రాళ్లకు అంకెలు వేసి, విప్పి, మిట్ట మీదికి తెచ్చి మళ్లీ పేర్చారు. సోమేశ్వరుడి గుళ్లు పైకి వచ్చాయి. మంచాలకట్ట మాధవస్వామి కొల్లాపురం చేరాడు. కూడలి సంగమేశ్వరుడు ఆలంపురం చేరాడు. మనుషుల ఇళ్లకు మాత్రం ఎవరూ అంకెలు వేయలేదు. ఈ ఊరికి వచ్చే చిత్రకారుడు నీటి నీలం గీసుకొని పోతే నాకు కష్టంగా ఉంటుంది. ఆ నీటి కింద ఎవరి పొలం ఉందో ఒక్క ముసలమ్మను అడిగి గీస్తే ఆ నీలం అలాగే ఉండదు.

పైగా ఈ చోటు ఒక్క రాకతో పూర్తిగా కనపడదు. ఎదుటి ఒడ్డున వేపమొద్దు లింగం ఉన్న సంగమేశ్వరాలయం ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉంటుంది. నీరు తీశాక ముందు శిఖరం, తర్వాత గోడలు, ఎండలు ముదిరాక గర్భగుడి బయటపడతాయి. శ్రావణంలో వచ్చినవాడికి అక్కడ గుడి ఉందనే తెలియదు. వేసవిలో వచ్చినవాడికి ఇది సముద్రమంత నీరని తెలియదు. పుట్టి మీద వల వేసే జాలరికి రెండూ తెలుసు. అతనికి తెలిసినంత తెలియాలంటే రెండు కాలాలైనా ఇక్కడ ఉండాలి.

తిరుగుడే బతుకైన కళాకారులూ మన దగ్గరే ఉన్నారు. లింగాల మండలం అవుసలికుంట వాసి దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన చేతిలోని పన్నెండు మెట్ల కిన్నెర ఊరూరూ తిరిగి పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ చెప్పిన వాద్యం. తెలిసిన కథనే వినడానికి కూర్చున్న ఊరు, తప్పిన చోట ఊరుకోదు. ఆ ఊళ్ల పట్టింపే ఆ కథను ఇంతకాలం చెడకుండా కాపాడిందని నేననుకుంటాను.

ఎల్లలు దాటి వచ్చిన కవుల సంగతీ ఒకటి ఉంది. 1953 జనవరిలో ఆలంపురంలో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు జరిగాయి. తుంగభద్రకు ఇవతల హైదరాబాదు రాష్ట్రం, అవతల మద్రాసు రాష్ట్రం. నది దాటితే రాష్ట్రం దాటినట్టే. ఆ సభలకు సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించింది అక్కడే. విశాఖలో పుట్టిన కవి, ఓరుగల్లు కవి పుస్తకాన్ని పాలమూరు గడ్డ మీద పాఠకుల చేతిలో పెట్టాడు. రాష్ట్రాలు కలవకముందే కవులు ఒకరినొకరు విన్నారు.

కదలకుండా గొప్పవాళ్లయినవారు లేరా అని అడుగుతారు. ఉన్నారు. చిత్రకారుడు కాపు రాజయ్య సిద్దిపేటలోనే ఉండి బోనాలనూ పల్లె బతుకునూ దేశమంతా చూసేలా గీశారు. కానీ నకాషీ చిత్రకారుల రంగులూ రేఖలూ ఆయన కుంచెలోకి రావాలంటే వాళ్ల ముంగిట్లో శిష్యుడిలా నిలబడక తప్పలేదు. అది దగ్గరి ప్రయాణమే అయినా ప్రయాణమే. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావుది వేరే దారి. గురువు కూల్డ్రే దొర చూపించిన అజంతా, బొంబాయి జేజే స్కూలు చదువు అయ్యాక, ఆయన ఇంటికి వచ్చి సొంత ఊళ్లోనే చిత్రకళాశాల పెట్టాడు. 1925లో పోయేనాటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. తిరిగి రావడానికి అంత తొందరపడకుంటే ఆంధ్ర చిత్రకళకు ఆ పాఠశాల అంత త్వరగా దొరికేది కాదు.

ఇప్పుడు సోమశిలకు బోట్లు వచ్చాయి, కాటేజీలు వచ్చాయి. శనివారం సాయంత్రం వచ్చి ఆదివారం మధ్యాహ్నం పోయే కెమెరాలు లెక్కకు మించి వస్తున్నాయి. ఊరికి నాలుగు పైసలు వస్తే నాకు సంతోషమే. కానీ తీసిన ఫోటోను ఈ ఊళ్లో ఎవరికైనా చూపించి పోతున్నవాళ్లు ఎందరు?

ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన స్మారక నిధి పెద్దలకు నా విన్నపం ఒక్కటే. వచ్చే ఏటి నుంచి శాలువాలూ జ్ఞాపికలూ మానండి. నిధి మీద వచ్చే వడ్డీతో ఒక యువ కళాకారుణ్ణి వానాకాలం మొదలు సంగమేశ్వరం బయటపడేదాకా ఇక్కడ ఉంచండి. పోయేముందు తన పనిని ఈ ఊరి బడి వరండాలో పెట్టి, ఊరివాళ్లు అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పాలనే షరతు పెట్టండి. అలాగే బొమ్మలు గీసే పిల్లల్లో ఒకరిని ఈ మండలం నుంచి ఎంచి ఏటా ఆలంపురం, పట్టదకల్, అజంతా చూపించండి. ఆడపిల్ల అయితే తోడుగా తల్లికి కూడా ఖర్చు ఇవ్వండి. ఈ ఉపన్యాసానికి నాకు ఇవ్వదలచిన పారితోషికాన్ని ఆ బస్సు ఖర్చులకు మొదటి జమగా రాసుకోండి.