నొప్పి బిళ్ల మెడకు ఉరి కాకూడదు
(సంఘం మండల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, పంట బీమా గురించి, కౌలు రైతుల గుర్తింపు గురించి మనం ప్రతి సభలోనూ మాట్లాడుకుంటాం. ఈ రోజు మన ఒంటి నొప్పి గురించీ, దానికోసం మింగే బిళ్ల గురించీ మాట్లాడుకుందాం.

నాట్లు, కలుపు, కోతలు, బస్తాల మోత. సీజన్ వచ్చిందంటే నడుము నిలవదు. పనికి పోకపోతే కూలి రాదు, అదును దాటితే చేను ఆగదు. అందుకే మందుల షాపుకు పోయి 'గట్టి బిళ్ల ఇవ్వు' అంటాం. ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

ట్రమడాల్, టాపెంటడాల్ మామూలు నొప్పి బిళ్లలు కావు. నల్లమందు చేసే పనే చేసేలా ఫ్యాక్టరీలో తయారు చేసిన మందులివి. ఆపరేషన్ అయినవారికో, క్యాన్సర్ రోగికో డాక్టరు రాసిస్తే మేలు చేస్తాయి. సొంతంగా రోజూ మింగితే ఒళ్లు వాటికి అలవాటు పడిపోతుంది. ఒకటి చాలక రెండు, రెండు చాలక నాలుగు. మానేస్తే ఒళ్లంతా నొప్పులు, చెమటలు, విరేచనాలు, నిద్ర ఉండదు. పాత నొప్పే తిరగబెట్టిందనుకుని మళ్లీ మింగుతాం. ట్రమడాల్ మోతాదు మించితే ఫిట్స్ కూడా రావచ్చు.

అన్నిటికన్నా పెద్ద ముప్పు ఊపిరి మందగించడం. మద్యం తోడైతే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. తెలంగాణలో కల్లులో అల్ప్రాజోలం కలిపిన కేసులు మనకు తెలిసినవే. అలాంటి కల్తీ కల్లు మీద ఈ బిళ్ల కూడా పడితే మనిషి నిద్రలోనే పోవచ్చు.

హరిత విప్లవానికి పేరుపడ్డ పంజాబ్‌ను చూడండి. కోతల కాలంలో ఒళ్లు అలవకుండా ఉండాలని గసగసాల తొక్క పొడి తినే అలవాటు అక్కడ ఎప్పటినుంచో ఉంది. తర్వాత మాత్రలు వచ్చాయి, హెరాయిన్ వచ్చింది. ఎన్నో రైతు కుటుంబాలు కొడుకులను పోగొట్టుకున్నాయి. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో నల్లమందు జాతి మత్తు వాడేవారు సుమారు 2 కోట్ల 26 లక్షల మంది. అమెరికాలో ఫెంటానిల్ వంటి కృత్రిమ మత్తుమందుల వల్ల 2022లో 70 వేల మందికి పైగా చనిపోయారు. అక్కడ కూడా ఈ విపత్తు డాక్టర్లు ధారాళంగా రాసిన నొప్పి బిళ్లలతోనే మొదలైంది.

మన దేశంలో 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. చీటీ లేకుండా అమ్మడం నేరం. అయితే చట్టం కూలివాడి జేబులోని నాలుగు బిళ్లలను పట్టుకుని, పెట్టెలకు పెట్టెలు దాటించే వ్యాపారిని వదిలేస్తే మనం ఒప్పుకోం. తనంతట తాను చికిత్సకు వచ్చిన బాధితుడికి అదే చట్టంలోని 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఈ సంగతి ప్రతి ఊరికీ చేరాలి.

మనం చేయాల్సినవి ఇవి. పని చేయించడానికి కూలీలకు బిళ్లలు పంచే పద్ధతి ఎక్కడున్నా ఆపాలి. మోతకు, కోతకు మధ్య విశ్రాంతి ఇవ్వాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నడుము, కీళ్ల నొప్పులకు వైద్యం కావాలని, జిల్లా ఆసుపత్రిలో వ్యసన విముక్తి వార్డు కావాలని అడగాలి. అలవాటు పడినవాళ్లు ఉన్నపళంగా మానేయకుండా డాక్టరు సలహాతో తగ్గించుకోవాలి. సలహాకు 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మనిషి లేపినా లేవకపోతే, ఊపిరి నెమ్మదిస్తే, పెదాలు నీలం తిరిగితే, నిద్రపోతున్నాడని వదిలేయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.

అలవాటు పడ్డవాడు మనవాడే. వాణ్ని వెలివేయొద్దు, ఆసుపత్రికి తీసుకుపోదాం. నొప్పికి వైద్యం అడగడం మన హక్కు. ఎరువుల కోసం, నీళ్ల కోసం కొట్లాడినట్టే దీనికోసమూ కొట్లాడుదాం.